కోటా బారులో పడిపోయిన సిపాయి ఏ లింగాల వాడు?

తెలంగాణ సైనిక సంక్షేమ శాఖ సంచాలకులకు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు,

నల్లమల అంచున ఉన్న లింగాల పేరు మీద నమస్కారాలు.

2022 జనవరి 21న ఢిల్లీలో ఒక జ్యోతిని మరో జ్యోతిలో కలిపారు. 1972 నుంచి ఇండియా గేట్ కింద వెలుగుతున్న అమర్ జవాన్ జ్యోతిని కూతవేటు దూరంలోని జాతీయ యుద్ధ స్మారకానికి తీసుకెళ్లారు. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ ప్రభుత్వ వర్గాల పేరుతో పత్రికల్లో వచ్చిన మాట మీరూ చదివే ఉంటారు. ఇండియా గేట్ రాళ్ల మీద ఉన్నవి ఇంగ్లీషువాళ్ల కోసం పోరాడిన కొందరి పేర్లట, అవి మన వలస గతానికి గుర్తులట. జ్యోతి ఎక్కడ వెలగాలో ఢిల్లీ పెద్దలు చూసుకుంటారు. ఈ లేఖకు పేచీ ఆ మాట వెనక ఉన్న వైఖరితో. 1947 ఆగస్టు 15 దగ్గర ఒక గీత గీసి, దానికి ఇవతల ప్రాణం పోతే అమరుడు, అవతల పోతే ఎవరి సిపాయో ఏమో అనే వైఖరితో.

ఆ గీత మీరు గీసింది కాదు. కానీ దానికి అవతల పడిపోయినవాళ్లకు ఈ రాష్ట్రంలో ఎవరైనా దిక్కు ఉన్నారంటే అది మీ రెండు కార్యాలయాలే. ఒకటి సైనికుల కుటుంబాల మంచిచెడ్డలు చూసేది. రెండోది నిజాం సర్కారు దఫ్తర్లకు వారసురాలు. లేఖ ఢిల్లీకి కాకుండా మీకు రావడానికి కారణం అదే.

అచ్చంపేట దాటి అడవి దారి పట్టినవాళ్లకు లింగాల తెలుసు. చైత్ర పున్నమికి సలేశ్వరం లింగమయ్య జాతరకు పోయేవాళ్లలో చాలామంది ఈ మండలం మీదుగానే లోయలోకి దిగుతారు. మిగతా పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) లాగే ఇదీ వలసల నేల. ఆనకట్టలు ఎక్కడ కడుతున్నా, కాలువలు ఎక్కడ తవ్వుతున్నా అక్కడికి పాలమూరు లేబర్ వెళ్లింది. ఫౌజుకు పోవడమూ ఒక రకం వలసే. కూలికి పోయినవాడు ఎండాకాలం చివర్లో తిరిగొస్తాడని ఇంట్లో ఒక లెక్క ఉంటుంది. ఫౌజుకు పోయినవాడికి ఆ లెక్క లేదు. "ఫౌజ్‌ల పోయిండు, మళ్ల రాలే" అనే ఒక్క ముక్కతో ముగిసిపోయిన మనిషి, తాతల తరం కథల్లో ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాడు.

ఆ ముక్క పట్టుకుని లింగాల మండలంలో ఒక మునిమనవడు వెతుకులాట మొదలుపెట్టాడనుకోండి. అతనికి ఎక్కడెక్కడ దారి మూసుకుపోతుందో చూడండి. ఈ ఊహ మీ ముందు పెట్టడానికి కారణం, ఆ తలుపుల్లో కొన్నిటి తాళంచెవులు మీ నడుముకే వేలాడుతుండటం.

అదృష్టం ఉంటే ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక పతకం దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే పంచారు. భారతీయులకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కించారు. ఒక సామ్రాజ్యం మనవాళ్లకు చేసిన కొద్దిపాటి మేళ్లలో ఇదొకటి! పసిఫిక్ స్టార్ అయితే మలయా వైపు వెతకాలి, బర్మా స్టార్ అయితే బర్మా వైపు. పతకం దొరక్కపోతే మిగిలేది ఇంటి పెద్దల జ్ఞాపకం. 1941లో ఇరవై ఏళ్లున్న కుర్రాడు ఇవాళ బతికుంటే నూరు దాటి ఉంటాడు. ఆ జ్ఞాపకం ఇంకెన్నాళ్లు ఆగుతుంది?

పతకం మీద "హైదరాబాద్" అని ఉందనుకోండి. అసలు చిక్కు అక్కడే మొదలు. యుద్ధకాలంలో "హైదరాబాద్" పేరుతో రెండు వేర్వేరు కాల్బలాలు ఉండేవి. ఒకటి భారత సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలాలు నిజాం కంటింజెంట్‌లోవే అయినా, అప్పటికి అందులో ఎక్కువమంది కుమావూ కొండలవాళ్లు, జాట్‌లు, అహీర్‌లు. 1945లో అది కుమావూ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. ఇప్పుడు దాని కేంద్రం రాణిఖేత్‌లో ఉంది. రెండోది నిజాం సొంత ఫౌజులోని హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. పేర్లు ఒక్కలాగే వినిపిస్తాయి, కాగితాలు మాత్రం ఒకదానికొకటి వెయ్యి మైళ్ల దూరంలో. ఈ తేడా చెప్పేవాళ్లు లేక మునిమనవడు రాణిఖేత్‌కు ఉత్తరం రాసి ఏడాది పాటు జవాబు కోసం చూస్తాడు. మీ వెబ్‌సైటులో నాలుగు వాక్యాలు రాసిపెడితే తప్పే తిప్పలు ఇవి.

పోనీ అది నిజాం ఫౌజే అని తేలింది. అప్పుడు అతని ముందుకు వచ్చేది కోటా బారు.

1941 డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటాక, జపాన్ సేనలు మలయా ఈశాన్య తీరంలోని కోటా బారు దగ్గర దిగాయి. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంటకు పైగా ముందే. అంటే పసిఫిక్ యుద్ధంలో తొలి తూటాలు పేలింది ఇక్కడ. ఆ తూటాలకు ఎదురు నిలిచింది ఎనిమిదో భారత బ్రిగేడ్, దాని అధిపతి బ్రిగేడియర్ కీ. తీరంలో డోగ్రాలు ముళ్లకంచెల వెనక కాచుకుని దిగుతున్నవాళ్లను గట్టి దెబ్బే తీశారు. తీరం వెనక ఉన్న విమానాశ్రయానికి కాపలా ఎవరో తెలుసా? ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. మూసీ ఒడ్డున కవాతు చేసిన పటాలం దక్షిణ చైనా సముద్రపు ఒడ్డున, వానలో, చీకట్లో నిలబడి ఉంది.

ఆ రోజు సాయంత్రం ఏం జరిగిందన్నది ఎవరికీ గర్వంగా చెప్పుకోబుద్ధి కాని కథ. జపాన్‌వాళ్లు కంచె దాకా వచ్చేశారని పుకారు పుట్టింది. విమానాశ్రయ సిబ్బంది లారీలెక్కి వెళ్లిపోయారు. వాళ్లు పోవడం చూసి పటాలమూ చెదిరింది. ఆపబోయిన కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ సి.ఎ. హెండ్రిక్స్‌ను సొంత సిపాయిలే చంపారని యుద్ధ చరిత్రలు రాశాయి. తర్వాత రెండు నెలల పాటు సైన్యం మలయా పొడవునా వెనక్కి తగ్గుతూ పోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. వేలవేల భారత సిపాయిలు ఖైదీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో చాలామందిని జపాన్‌వాళ్లు న్యూగినీ వంటి దీవులకు వెట్టికి తోలారు. ఆకలికీ జబ్బులకూ అక్కడ రాలిపోయినవాళ్ల లెక్క పెద్దదే.

యుద్ధపుస్తకాల్లో ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీకి దక్కేది సాధారణంగా ఒక పేరా. ఆ పేరాలో హెండ్రిక్స్‌కు పేరు ఉంది. సిపాయిలకు లేదు. చంపినవాడికీ లేదు, చంపనివాడికీ లేదు. పరుగెత్తినవాడికీ, కందకంలో ఉండిపోయి చచ్చినవాడికీ కలిపి ఒకటే పేరు: "హైదరాబాద్‌లు". అందులో తెలుగువాళ్లెందరు, దక్కనీ ముస్లింలెందరు, ఉత్తరాది నుంచి వచ్చి చేరినవాళ్లెందరు? పాలమూరు జిల్లా నుంచి ఎవరైనా ఉన్నారా? నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు నుంచి? ఈ ప్రశ్నకు జవాబు లండన్ ఇవ్వదు, ఢిల్లీ ఇవ్వదు. పటాలాన్ని కట్టినది హైదరాబాద్ సర్కారు. జీతాల చిట్టాలు రాసింది ఆ సర్కారే. ఆ సర్కారు దఫ్తర్లు ఇప్పుడు ఎవరివి?

పారిపోయిన పటాలానికి జాబితా ఎందుకని ఎవరైనా అనవచ్చు. జాబితా అంటే బిరుదు కాదు కదా. ఎవరు పోయారో ఇంటికి తెలియజేయడం దొర కర్తవ్యం. ఆ దొర దిగిపోయాక, ఆ గద్దె మీద కూర్చున్నవాళ్ల కర్తవ్యం. తండ్రి అప్పులూ ఆస్తులూ వారసుడికి వస్తాయని ఊళ్లో పంచాయితీకి కూడా తెలుసు. నిజాం భవనాలు వారసత్వమైనప్పుడు, నిజాం సిపాయిల మరణవార్తలు కాకుండా ఎలా పోతాయి?

ఇక్కడ ఒక సంకోచం ఉంది, దాన్ని దాచడం అనవసరం. పాలమూరులో నిజాం తుపాకీ అంటే అందరికీ మంచి జ్ఞాపకమేమీ కాదు. 1947లో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో ఉద్యమిస్తున్న రైతుల మీద నిజాం బలగాలు కాల్పులు జరిపాయి. ఆ నెత్తురు చూసిన ఊళ్లు నిజాం సిపాయి పేరు ఎత్తితే మొహం తిప్పుకున్నాయంటే తప్పు పట్టలేం. 1948 సెప్టెంబర్‌లో జనరల్ ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయాక ఆ ఫౌజు చెదిరిపోయింది. ఓడిన సర్కారు సిపాయిలను తలచుకునే తీరిక గెలిచిన సర్కారుకు లేకపోయింది. కానీ అప్పంపల్లి తుపాకీ పట్టినవాడూ, ఆరేళ్ల ముందు మలయాలో పడిపోయినవాడూ ఒకరే కారు. ఆ ఇద్దరినీ విడదీసి చూపించగలిగేది కాగితమే. కాగితం లేకపోతే ఇద్దరి మీదా ఒకటే మసి.

సైనిక సంక్షేమ శాఖ వారూ, ఇప్పుడు మీతో ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్లకూ, వాళ్ల భార్యలకూ నెలనెలా ఆర్థిక సాయం ఇచ్చే ఏర్పాటు మీ దగ్గర ఉంది. మంచి పని. అంటే 1947 గీతను మీరే ఎప్పుడో దాటేశారు. బతికి తిరిగొచ్చిన బ్రిటిష్ కాలపు సిపాయి మనవాడని ప్రభుత్వం సంతకం పెట్టి మరీ ఒప్పుకుంది. అదే పటాలంలో, అదే కందకంలో, అతని పక్కనే కూలిపోయినవాడు పరాయివాడు ఎలా అయ్యాడు? తిరిగొచ్చి అర్జీ పెట్టుకోలేకపోవడమేనా అతను చేసిన నేరం?

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 16 బిహార్ కాల్బలానికి నాయకత్వం వహిస్తూ కల్నల్ సంతోష్ బాబు ప్రాణాలిచ్చారు. సూర్యాపేట ఆయన కోసం కన్నీళ్లు పెట్టుకుంది, ఏడాది తిరిగేసరికి విగ్రహం నిలబెట్టింది. దేశం మహావీర చక్ర ఇచ్చింది. 1999 జూన్‌లో కార్గిల్ పోరులో కన్నుమూసిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్‌లో పెరిగినవారని ఇవాళ బడిపిల్లలు కూడా చెబుతారు. ఈ గౌరవంలో వీసమెత్తు తగ్గించమని ఎవరూ అడగడం లేదు. ఆ వరసలో 1941 సిపాయికి విగ్రహం కూడా వద్దు. ఒక గీతలో ఇమిడే నాలుగు వివరాలు చాలు: పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన చోటు.

గుర్రపుదళానికి ఆ భాగ్యం కొంత దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలో పోరాడిన హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాల గుర్తుగా ఢిల్లీలో మూడు కంచు విగ్రహాలు లేచాయి. తీన్‌మూర్తి చౌరస్తాకు ఆ పేరు వాటివల్లే వచ్చింది. 2018లో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు దాన్ని తీన్‌మూర్తి హైఫా చౌరస్తా చేశారు. విదేశీ అతిథి ముందు వలస కాలపు సిపాయిలు ఉన్నట్టుండి మనవాళ్లయిపోయారు! దౌత్యానికి పనికొస్తే అమరుడు, పనికిరాకపోతే వలస గుర్తా? (గుర్రాల మాట వచ్చింది కనుక ఒక ముక్క. హైదరాబాద్‌లో రోజూ ఏసీ గార్డ్స్ మీదుగా తిరిగేవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆ హబ్షీ అశ్వదళం మొదట వనపర్తి సంస్థానం రాజు సమకూర్చుకున్నది, తర్వాత నిజాం కొలువుకు చేరింది. పాలమూరు సంస్థానాలు హైదరాబాద్‌కు పంపినవి పన్నులూ మామిడిపళ్లే కావు.)

అసలు సిపాయి అనే మాటకు ఒకప్పుడు ఉత్తర భారతంలో పర్యాయపదం ఏమిటో మీకు గుర్తుచేయాలా? తిలంగా. ప్లాసీ రోజుల్లో మద్రాసు వైపు నుంచి బెంగాల్‌కు వెళ్లిన కంపెనీ సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండటంతో ఆ పేరు పడింది. 1857లో ఢిల్లీ వీధుల్లో తిరగబడ్డ సిపాయిలను, వాళ్లలో ఒక్క తెలుగువాడు లేకపోయినా, ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. ఊరూరా సిపాయికి మన నేల పేరు పెట్టి పిలిచిన దేశంలో, ఆ పేరే పెట్టుకున్న రాష్ట్రానికి తన సిపాయిల పట్టీ లేదంటే ఏమనాలి?

ఇదంతా జరగని పని అంటారా? పక్కదేశం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పంజాబ్ సర్కారు ఊరూరా తిరిగి, ఏ ఊరి నుంచి ఎవరు యుద్ధానికి వెళ్లారో, ఎవరు రాలేదో చిట్టాలు రాయించింది. దాదాపు 3,20,000 మంది వివరాలు, 26,000 పుటలు. అవి లాహోర్ మ్యూజియంలో నూరేళ్ల దగ్గర దగ్గర దుమ్ము తిన్నాయి. బ్రిటన్‌లోని పంజాబీ వారసత్వ సంఘం, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని ఫొటోలు తీయించి కంప్యూటర్‌కెక్కించాయి. 2021 నవంబర్‌లో మొదటి విడతగా మూడు జిల్లాల వివరాలు అందరికీ తెరిచారు. ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లలు తమ ముత్తాత ఊరి పేరు కొట్టి అతన్ని పట్టుకున్నారు. దేశాలు రెండైనా, సరిహద్దు మీద తుపాకులు గురిపెట్టుకుని ఉన్నా ఆ పని జరిగింది. తార్నాకకూ లింగాలకూ మధ్య ఏ సరిహద్దు ఉంది?

తప్పు ఒప్పుకోవడంలోనూ మీకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021 ఏప్రిల్‌లో తన మీద తానే ఒక నివేదిక వేసుకుంది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో 45,000 నుంచి 54,000 మందికి తెల్లవాళ్లతో సమానంగా స్మారకం దక్కలేదని తేల్చింది. పేరుతో గానీ, మరే రకంగా గానీ స్మరణే దక్కనివాళ్లు కనీసం 1,16,000 మంది, ఆ సంఖ్య 3,50,000 దాకా కూడా వెళ్లవచ్చని చెప్పి క్షమాపణ కోరింది. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో 40,000 మందికి పైగా లెక్కకు వస్తారు. రాతి మీద తెల్లవాళ్లకు పేర్లు, సాధారణ భారత సిపాయిలకు అంకె. బ్రిటిష్ ఇండియా ఊళ్లలో ఇప్పటికీ కనిపించే పాలరాతి పలకలదీ ఇదే తంతు. ఈ ఊరి నుంచి ఇంతమంది పోయారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు, అంతే. పశువుల లెక్క రాసినట్టు. మన నిజాం ఊళ్లలో ఆ పలకైనా ఎక్కడుంది?

అయితే అదే సంస్థ జాబితాలో, ముఖ్యంగా రెండో యుద్ధానికి సంబంధించిన భారత సిపాయిల వరసల్లో, చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద 24,000కు పైగా పేర్లున్నాయి. బర్మాలో తౌక్యాన్ దగ్గరి రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000. ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న ఆ జాబితా నుంచి "హైదరాబాద్" అన్నవి వేరు చేయడానికి బడ్జెట్ అక్కర్లేదు, కంప్యూటర్ ముందు ఓపికగా కూర్చునే ఇద్దరు చాలు. ఆ తర్వాత పని మాత్రం ఇంగ్లీషుతో అయ్యేది కాదు. దొర చెవికి వినబడ్డట్టు రాసిన ఊరిపేరును మన ఊరిపేరుగా పట్టుకోవాలి. దాన్ని ఉర్దూ దఫ్తరుతో సరిపోల్చాలి. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాల దాకా భద్రపరిచిన ఆర్కైవ్స్ వారికి ఉర్దూ చదివేవాళ్ల కొరత ఎంత దగ్గరపడుతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ తరంలో చదివించకపోతే వచ్చే తరంలో ఆ కట్టలు బొమ్మలే.

ఒక్క ఊరిపేరు ఎంత చిక్కు తెస్తుందో లింగాల సంగతే చూడండి. నిజాం కాలంలో మహబూబ్‌నగర్ జిల్లా, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ, 2016 అక్టోబర్ 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఊరు కదలకుండానే చిరునామా మూడుసార్లు మారింది. కడప జిల్లాలో పులివెందుల పక్కన ఇంకో లింగాల మండలం ఉంది. కృష్ణా వైపు ఒక లింగాల. జనగామ వైపు లింగాల ఘనపూర్. పాత చిట్టాలో ఉత్త "లింగాల" అని ఉంటే, అతను మద్రాసు సర్కారు సిపాయా, నిజాం సిపాయా? పటాలం చూసి తేల్చాలి. అది చూడగలిగేది శిక్షణ ఉన్న కళ్లు. ఆ కళ్లకు జీతం ఇచ్చేది ప్రజలే కదా?

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో గ్రానైటు గోడల మీద 25,942 పేర్లు చెక్కారు. పేరు చెబితే ఏ గోడ, ఏ వరస అని అక్కడే చూపిస్తారు. స్వాతంత్ర్యం తర్వాతివాళ్లకు ఆ సదుపాయం ఉన్నందుకు సంతోషమే. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారక్ దగ్గర మీరు ప్రతి ఏటా పూలగుచ్ఛాలు ఉంచుతారు. ఆ పూలు ఎవరికి? లెక్కకు వచ్చినవాళ్లకేనా? రెండో యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు చేరారు, 87,000 మంది పోయారు. అందులో ఈ రాష్ట్రపు వాటా ఎంతో ఎప్పుడైనా ఒక్క జీవోలో రాశారా?

మీ రెండు శాఖలూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే మొదలయ్యే పని ఇది. సమాధుల సంస్థ జాబితా ఒకవైపు, నిజాం ఫౌజీ దఫ్తర్లు ఇంకోవైపు. ప్రయాగ్‌రాజ్‌లో రక్షణ పింఛన్ల కార్యాలయం ఉంది, అక్కడికి మామూలు మనిషి రాస్తే పోయే ఉత్తరం వేరు, ప్రభుత్వ శాఖ రాస్తే పోయే ఉత్తరం వేరు. యుద్ధకాలపు డైరీలు లండన్‌లోని క్యూ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి ప్రతులు తెప్పించడం లింగాల మునిమనవడి శక్తికి మించింది, మీకు కాదు. దేశ విభజన జరిగాక కూడా భారత్, పాకిస్తాన్‌లు ఉమ్మడి విభాగం పెట్టుకుని రెండో యుద్ధపు అధికార చరిత్ర రాశాయి. ఒకే రాష్ట్రంలోని రెండు శాఖలకు అది చేతకాదా?

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. పాత మహబూబ్‌నగర్ జిల్లాతో మొదలుపెట్టండి. దొరికిన పేర్లను మండలాల వారీగా వేరుచేసి ఆయా తహసీల్దార్ కార్యాలయాల గోడకు అతికించండి, గ్రామసభలో చదివించండి. ఇంటిపేరు విని "ఆయన మా తాత చిన్నాయన" అని చెప్పగలిగే ముసలమ్మలు లింగాల మండలంలో ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పింది పక్కన రాసుకోవడానికి ఒక గుమాస్తాను కూడా పంపండి. జాబితాలో ఊరి పేరు పక్కన జిల్లా పేరు తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే కడప లింగాల వాళ్లు వచ్చి అతను తమవాడేనంటే, కాదనడానికి ఇక్కడ ఎవరి చేతిలోనూ కాగితం లేదు.